పదిహేడో సీటు ఫిర్యాదు

మా పెద్దమ్మని పేరు పెట్టి పిలిస్తే ఒక పట్టాన పలికేది కాదు. "పదిహేడూ" అంటే మాత్రం వంటింట్లో గిన్నెల చప్పుడులో ఉన్నా తల తిప్పేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు పదిహేడో సీటులో కూర్చున్న మనిషి ఆమె. అక్కడ ఆపరేటర్లు ఒకళ్ళనొకళ్ళు సీటు నంబరుతోనే పిలుచుకునేవాళ్ళు. పేర్లు బయటికి పొక్కితే పనీపాటా లేని మగవాళ్ళు ఫోన్లు చేసి విసిగిస్తారని మొదట్లో పెట్టుకున్న నియమమట. తర్వాత అదే నోటికి అలవాటైపోయింది. పెద్దమ్మ ప్రాణస్నేహితురాలు ఇరవై రెండు. ఆవిడ అసలు పేరేమిటో ఆవిడ కూతురి పెళ్ళి శుభలేఖ వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

పెద్దమ్మ పోయి ఏడు నెలలైంది. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. రాయకుండా ఉండమని మాత్రం అడిగారు. అందుకే రాస్తున్నాను.

ఆమెకి పిల్లల్లేరు. పెదనాన్న పోయాక మా కింది వాటాలో రెండు గదుల్లో ఉండేది. ముందు గదిలో ఒక బల్ల, బల్ల మీద ఫోను, ఫోను పక్కన అరచేయంత కాగితాల కట్ట, దారం కట్టిన పెన్సిలు. ఆ కాగితాల్ని టికెట్లు అనేది. ఎక్స్ఛేంజ్‌లో ప్రతి కాల్‌కీ ఒక టికెట్ రాయాలి: ఎవరు అడిగారు, ఎవరిని అడిగారు, ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ఆఖరు, మనం ఏం చెప్పాం. రిటైరైనా ఆ చెయ్యి ఆగలేదు. పాలవాడు ఫోన్ చేసినా టికెట్టే. ఒకసారి ఆ కట్ట తిరగేస్తుంటే మా అమ్మ గురించి ఇలా ఉంది: "మధ్యాహ్నం 2:10. చెల్లెలు. కూర మాడిందట. సాయంత్రం పైకి రమ్మంది. వెళ్ళాను. తలుపు తాళం." అమ్మ అది చదివి రెండు రోజులు ముఖం ముడుచుకుంది.

ఎక్స్ఛేంజ్ ఆమెకి జీతంతో పాటు చెవుడు కూడా ఇచ్చింది. ఆ రోజుల్లో హెడ్‌సెట్‌కి ఒక్క చెవే. ఎడమ చెవికి పెట్టుకుని కుడిచేత్తో టికెట్ రాసేది. రిటైరయ్యేసరికి ఎడమ చెవి దాదాపు పోయింది. దగ్గర చేరి అరిస్తే ఏదో వినిపించేది. కుడి చెవికి మెషిన్ పెట్టించుకుంది. ఆ చెవితోనే రోజూ సాయంత్రం అయిదింటికి ఇరవై రెండుతో ఫోన్లో మాట్లాడేది. గంటసేపు. ఎవరి అల్లుడు ఎలాంటివాడో, ఏ సూపర్‌వైజర్ ఎవరిని ఏడిపించాడో, నలభై ఏళ్ళ నాటి సంగతులు నిన్ననే జరిగినట్టు. ఆ గంటలో పైనుంచి మేం పిలిచినా పలికేది కాదు.

పోయినేడాది ఆ మెషిన్ పాతబడితే కొత్తది కొన్నాం. పెద్ద కంపెనీ. మెషిన్‌తో పాటు ఫోన్లో ఒక యాప్ ఇచ్చారు. ఏ సందేహం వచ్చినా అందులో టైప్ చేస్తే ఒకావిడ జవాబు చెబుతుంది. ఆవిడ చాట్‌బాట్. దానికి కంపెనీ ఒక చక్కటి ఆడపేరు పెట్టింది. ఆ పేరు ఇక్కడ రాయను, ఆ పేరున్న మంచివాళ్ళు నాకు ఇద్దరు తెలుసు.

ఒక మంగళవారం పొద్దున పెద్దమ్మ నిద్రలేచేసరికి కుడి చెవి దిబ్బడేసింది. లోపల ఒకటే మోత. మెషిన్ పెట్టుకున్నా మాటలు నీళ్ళలోంచి వచ్చినట్టున్నాయట. వెంటనే యాప్ తీసి అడిగింది. ఆ టికెట్ నా దగ్గరుంది.

"ఉదయం 7:25. మాట్లాడుతున్నది ఎవరని అడిగాను. మీ వినికిడి సంరక్షణ బృందం నుంచి అని చెప్పారు. కుడి చెవి దిబ్బడ, డయల్ టోన్ లాంటి మోత అని చెప్పాను. కొత్త మెషిన్‌కి చెవి అలవాటు పడేటప్పుడు ఇది మామూలే, రెండు వారాలు ఆగండి, మెషిన్ తీయకండి అన్నారు. ఆఖరు 7:31."

ఆ సాయంత్రం నేను కిందికి దిగినప్పుడు ఫోను బల్ల మీద ఊరికే పడుంది. అయిదూ పది అయింది.

"ఇవాళ ఇరవై రెండుతో మాట్లాడలేదా పెద్దమ్మా?"

రెండోసారి అరిస్తే గానీ వినలేదు. సంగతి చెప్పింది.

"డాక్టర్ దగ్గరికి వెళదాం పద."

"ఆగమన్నారుగా."

"ఎవరు?"

"కంపెనీవాళ్ళు. అడిగాను. ఆవిడ ఆగమంది."

నేను ఇంకొంచెం గట్టిగా పోరాల్సింది. పోరలేదు. ఎందుకంటే ఆమె చెప్పిన తీరు అలాంటిది. ముప్పై ఒక్క ఏళ్ళు లక్షల మందికి "లైన్‌లో ఉండండి" అని చెప్పిన మనిషి. వాళ్ళంతా ఉన్నారు. పెళ్ళిళ్ళవాళ్ళు, చావు కబురు చెప్పాల్సినవాళ్ళు, అప్పులవాళ్ళు, అందరూ ఆమె మాట మీద చెవికి రిసీవర్ ఆనించుకుని నిలబడ్డారు. అవతల కూర్చున్నవాళ్ళకి లైన్ సంగతి తెలుసు, మనకి తెలియదు, అందుకే ఆగమంటే ఆగాలి. ఇది ఆమెకి పనిలోంచి ఒంటికి పట్టిన నమ్మకం. ఇంకెవరైనా అయితే రెండో రోజే విసుగొచ్చి ఆస్పత్రికి పోయేవాళ్ళు. ఆపరేటర్ కాబట్టి ఆమె ఆగింది.

తొమ్మిదో రోజు మళ్ళీ అడిగింది. జవాబు: "ఎనిమిది రోజుల కిందట మీరు చెప్పిన డయల్ టోన్ లాంటి మోత తగ్గుతోందా? కంగారు పడకండి. ఇంకా అయిదు రోజులు ఆగండి."

పన్నెండో రోజు ఇక నేను ఆమె మాట వినలేదు. ఆటో ఎక్కించి తీసుకెళ్ళాను. చెవి డాక్టరమ్మ పరీక్ష చేసింది. తర్వాత నావైపు తిరిగి, "ఉన్నట్టుండి చెవి ఇలా పడిపోతే వెంటనే రావాలమ్మా. మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చుంటే మందుకి లొంగే అవకాశం చాలా ఉండేది. ఇప్పుడూ ఇస్తాను. ఆశ పెట్టుకోకండి" అంది. అదంతా నేను కాగితం మీద రాసి చూపించాను. పెద్దమ్మ చదివి, కాగితం మడిచి, బ్లౌజులో పెట్టుకుంది.

చెవి తిరిగి రాలేదు. అయిదింటి ఫోను ఆగిపోయింది.

కంపెనీకి ఉత్తరం రాస్తే పది రోజులకి జవాబు వచ్చింది: చాట్‌బాట్ ఇచ్చే సమాచారం వైద్య సలహా కాదు, నిబంధనలు చూసుకోండి. పెద్దమ్మ ఒంటికాలి మీద లేచింది. వినియోగదారుల ఫోరంలో తనే ఫిర్యాదు రాసి వేసింది. అందులో అడిగినవి రెండే. తప్పు మాదేనని కంపెనీలో ఒక మనిషి తన పేరుతో సంతకం పెట్టి ఉత్తరం ఇవ్వాలి. యాప్ తెరవగానే పైనే రాసి ఉండాలి: మాట్లాడేది యంత్రం, చెవి ఉన్నట్టుండి దిబ్బడేస్తే మమ్మల్ని అడగొద్దు, ఇవాళే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

మా అమ్మ తల పట్టుకుంది. "అక్కకి పిచ్చి పట్టింది. అంత పెద్ద కంపెనీతోనా?" ఆ ఆఖరి మాట నేను కాగితం మీద రాసి చూపించాను.

"పెద్దదైతే ఏం, సంతకం పెట్టడానికి మనుషులు ఎక్కువమంది ఉంటారు" అంది పెద్దమ్మ.

ఫోరం ఒక పాత భవనం రెండో అంతస్తులో ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి తేమ మరకలు, కూర్చున్న ప్రతివాళ్ళ ఒళ్ళోనూ ఒక ప్లాస్టిక్ సంచి, సంచిలో కాగితాలు. పెద్దమ్మకి ఎవరి మాటా వినపడదు కాబట్టి పక్కన ఇరవై రెండు కూర్చుని జరిగేదంతా పలక మీద రాసి చూపించేది. ఆవిడ రాత వేగం ఎక్స్ఛేంజ్‌లో ప్రసిద్ధి. కానీ కోపం వస్తే రాయడం మానేసి పెద్దమ్మ ఎడమ చెవిలో చెప్పేది. రహస్యం చెబుతున్నానని ఆవిడ అనుకునేది గానీ, అది హాలంతా వినిపించేది.

కంపెనీ లాయరు నెమ్మదస్తుడు. మాటకి ముందు కళ్ళజోడు తుడుచుకునేవాడు. "చాట్‌బాట్ మా ఉద్యోగి కాదండి. తనంతట తాను వాక్యాలు తయారు చేసుకునే సాధనం. అది ఏ క్షణంలో ఏం చెబుతుందో కంపెనీకి ముందుగా తెలియదు."

"అబద్ధాలకోరు ముఖంలా లేదే, అయినా ఎంత బాగా చెబుతున్నాడో!" అంది ఇరవై రెండు, రహస్యంగా.

ఫోరం అధ్యక్షురాలు నవ్వు ఆపుకుని ఫైలులో తల దూర్చింది. పెద్దమ్మ పలక చదువుకుని లేచి నిలబడింది.

"ఏం చెబుతుందో తెలియనిదాన్ని సీటులో ఎందుకు కూర్చోబెట్టారండీ?"

"అమ్మా, ఇది వైద్య సలహా కాదని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ఇరవై మూడో పేజీ."

"ఆగమన్నది మొదటి మాటలోనే అంది. వినొద్దన్నది ఇరవై మూడో పేజీలో రాశారు. ముందు ఏది వినాలి నేను?"

తర్వాత ఆమె తన తప్పు ఒకటి చెప్పింది. నాకు కూడా అంతవరకు తెలియదు. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు, ఒక మధ్యాహ్నం ఎవరో తండ్రి ఫోన్ చేసి పిల్లల డాక్టర్ లైన్ అడిగాడట. పొద్దున ఆ లైన్ పాడైన సంగతి గుర్తుండి, మళ్ళీ పరీక్షించకుండానే "ఆ లైన్ పనిచేయట్లేదు" అని చెప్పింది. అది పదింటికే బాగైంది. ఆయన జ్వరంతో ఉన్న పిల్లని భుజాన వేసుకుని ఎండలో నడిచి వెళ్ళాడు. పిల్ల బతికింది. ఆయన ఫిర్యాదు ఇచ్చాడు.

"మా సూపరింటెండెంట్ ఆయన ఇంటికి వెళ్ళి ఎక్స్ఛేంజ్ తరఫున క్షమించమని రాసిచ్చి వచ్చారు. నన్ను మూడు నెలలు స్విచ్‌బోర్డు ముందు కూర్చోనివ్వలేదు. పదిహేడో సీటు వేరు, ఎక్స్ఛేంజ్ వేరు అని ఆరోజు ఎవరూ అనలేదు. అనొచ్చని ఎవరికీ తోచను కూడా లేదు. మీకెలా తోచిందండీ?"

లాయరు కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆయన దగ్గర ఇంకో మాట ఉంది. పెద్దమ్మ టికెట్లు చూపించి, "ఇవి ఫిర్యాదుదారు ఇంట్లో కూర్చుని సొంతంగా రాసుకున్న కాగితాలు. సంభాషణలు మా దగ్గర నిలవ ఉండవు. పోల్చి చూడటానికేమీ లేదు" అన్నాడు. పెద్దమ్మ ఫోన్లో కూడా లేవు. ఈలోగా యాప్‌ని కొత్తగా మార్చారు, పాతవన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఆ రోజు దిగులుగానే ఇంటికొచ్చాం.

మర్నాడు స్నేహితురాళ్ళిద్దరూ టికెట్లన్నీ బల్ల మీద పరుచుకుని కూర్చున్నారు. నేను కాఫీ ఇచ్చి వెళ్ళబోతుంటే ఇరవై రెండు ఒక టికెట్ పైకెత్తి పట్టుకుంది.

"ఏమే పదిహేడూ, డయల్ టోన్ అన్న మాట ఎవరిది? నీదా, దానిదా?"

ఎడమ చెవిలో రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"నాదే. మొదటి రోజు అన్నాను."

"తొమ్మిదో రోజు ఆ మాట ఎవరన్నారు?"

"అదే అంది."

"ఏమీ దాచుకోనిదానికి ఎనిమిది రోజుల తర్వాత నీ మాట ఎలా గుర్తుందే? కలలో చెప్పావా?"

పెద్దమ్మ ఆ టికెట్ అందుకుని చూసింది. చెవి పోయాక ఆమె నవ్వడం నేను చూసింది ఆరోజే. "ఇన్నాళ్ళూ నీ అక్షరాలు కోడిగెలుకుడని వెక్కిరించాను గానీ, నీ బుర్రకేమీ లోటు లేదే" అంది.

"చచ్చేలోపు ఒక్క మంచి మాట అన్నావు. టికెట్ రాసుకుంటానుండు" అంది ఇరవై రెండు.

తర్వాతి వాయిదాకి పెద్దమ్మ అడిగింది అదొక్కటే. అధ్యక్షురాలు లాయరు వైపు చూసి, "రికార్డు తీసుకురండి" అంది. రెండు వాయిదాలు సాగదీసి, మూడోదానికి పద్నాలుగు పేజీలు తెచ్చారు. ఇరవై రెండు ఒక్కో వరుస వేలితో చూపిస్తుంటే పెద్దమ్మ తన టికెట్ మీద ఒక్కో టిక్కు పెట్టుకుంటూ పోయింది. మాటకి మాట సరిపోయింది. వేళలు మాత్రం అన్నిచోట్లా నాలుగు నిమిషాలు తేడా.

"మా గోడ గడియారం నాలుగు నిమిషాలు ముందుంటుందండీ. డ్యూటీకి ఆలస్యం కాకూడదని పెట్టుకున్నాను" అంది పెద్దమ్మ.

ఆ పేజీల్లో ఇంకొకటి కూడా ఉంది. మంగళవారం నాటి మాటల పక్క గడిలో "మనిషి చూడాలి" అని ఒక గుర్తు. ఆ యంత్రమే పెట్టింది. తొమ్మిదో రోజు మాటల పక్కనా అదే గుర్తు. దాని పక్కన చూసినవాళ్ళ పేరు రాయాల్సిన గడి రెండుచోట్లా ఖాళీ. పెద్దమ్మ ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచింది.

"ఇన్నాళ్ళూ ఆ చాట్‌బాట్‌ని తిట్టుకున్నాను" అంది చివరికి. "పాపం అది పిలుస్తూనే ఉంది. సూపర్‌వైజర్ కుర్చీలో ఎవరూ లేరు."

ఆ వారమే లాయరూ, కంపెనీ మేనేజరూ ఇంటికొచ్చారు. చాలా మర్యాదగా మాట్లాడారు. వైద్యం ఖర్చు, బతికున్నంత కాలం కొత్త మెషిన్లు, పైన పెద్ద మొత్తం. బదులుగా ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలి, ఆ పద్నాలుగు పేజీలు తిరిగి ఇచ్చేయాలి, ఈ సంగతి ఆమె గానీ ఇంట్లోవాళ్ళు గానీ ఎక్కడా మాట్లాడకూడదు, రాయకూడదు. పెద్దమ్మ ఒప్పందం కాగితం రెండుసార్లు చదివింది.

మా అమ్మ పలక లాక్కుని పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది: "తీసుకో అక్కా. చెవి ఎలాగూ రాదు."

"నా చెవి రాదు. ఇవాళ పొద్దున ఇంకెవరో లేచి, చెవి పట్టుకుని, ఇదే టైప్ చేస్తుంటారే. వాళ్ళకి రావొచ్చుగా."

మేనేజరు వైపు తిరిగింది. "నాయనా, ముప్పై ఒక్క ఏళ్ళు జనం గుట్లన్నీ నా చెవిలోంచే పోయాయి. మొగుడూ పెళ్ళాల కొట్లాటలు, దివాలా తీసిన కొట్లు, లేచిపోయిన పిల్లలు. ఒక్కటి బయటపెట్టలేదు. ఈ చెల్లెలు కూరలు తరుగుతూ ఎన్నిసార్లు ఆరా తీసిందో అడుగు. అవి వాళ్ళ గుట్లు కాబట్టి దాచాను. ఇది నాకు జరిగింది. దీన్ని మీకోసం దాచను."

మేనేజరు కాఫీ సగంలో వదిలేసి లేచాడు.

ఫోరం తీర్పు ఆమెకి అనుకూలంగా వచ్చింది. సీటులో ఎవరిని కూర్చోబెట్టినా మాట కంపెనీదేనని అందులో ఉంది. ఆమె అడిగిన రెండూ ఇమ్మన్నారు, వైద్యం ఖర్చు కూడా. కంపెనీ పై ఫోరానికి అప్పీలు చేసింది. ఆ విచారణకి పద్దెనిమిది రోజుల ముందు ఒక మధ్యాహ్నం పెద్దమ్మ అన్నం తిని, కుర్చీలో నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు.

పదకొండో రోజున లాయరు ఫోన్ చేశాడు. సానుభూతి చెప్పాడు. మనిషి చెడ్డవాడు కాదు, గొంతులో నిజంగానే బాధ ఉంది. తర్వాత, ఆవిడే లేరు కాబట్టి పాత ఒప్పందం మీద మా కుటుంబం సంతకం పెడితే అందరికీ మనశ్శాంతి అన్నాడు. నేను వారసురాలిగా కేసులో చేరుతున్నట్టు అర్జీ పెట్టానని చెప్పి ఫోన్ పెట్టేశాను. అప్పటికి ఇంకా పెట్టలేదు. ఆ మధ్యాహ్నమే వెళ్ళి పెట్టాను.

పై ఫోరంలో లాయరు కొత్త మాట ఎత్తుకున్నాడు. "క్షమాపణ ఉత్తరం ఇప్పుడు ఎవరికి ఇవ్వాలి? చెవి పోయిన మనిషి లేరు. ఆ హాని ఆవిడతోనే పోయింది."

నేను లేచేలోపే వెనక కుర్చీ కిర్రుమంది. ఇరవై రెండు నిలబడింది. పలక అక్కర్లేని మొదటి వాయిదా అది. అయినా తెచ్చుకుంది.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు పై ఫోరం అధ్యక్షుడు, బెంచి మీదనుంచి.

"ఇరవై రెండునండీ."

హాల్లో ఎవరో నవ్వారు. ఆవిడ వాళ్ళవైపు కూడా చూడలేదు.

"హాని ఆవిడతో పోలేదండీ. ముప్పై ఏళ్ళు ఒకే వరుస సీట్లలో మాట్లాడుకున్నాం. రిటైరయ్యాక రోజూ అయిదింటికి ఫోన్లో మాట్లాడుకున్నాం. చెవి ఆవిడది పోయింది, అయిదింటి ఫోను నాది కూడా పోయింది. ఆఖరి పదకొండు నెలలు మేం ఫోన్లో ఒక్క మాట మాట్లాడుకోలేదు. బస్సెక్కి వచ్చి అరవాల్సి వచ్చేది. మోకాళ్ళ నొప్పికి ఎక్కలేని రోజులు మాటల్లేకుండానే పోయాయి. ఆ రోజులు ఎవరివండీ? ఈయన లెక్కలో ఎవరితో పోయాయి?"

సాక్షి కాదు కాబట్టి ఆ మాటలు రికార్డులోకి ఎక్కవని చెప్పి ఆవిడని కూర్చోమన్నారు. కూర్చుంది. తీర్పు మాత్రం మారలేదు. కింది ఫోరం చెప్పినట్టే చేయమన్నారు, ఉత్తరం వారసురాలికి ఇమ్మన్నారు.

కంపెనీ ఆ హెచ్చరికని యాప్‌లో పెట్టింది, అట్టడుగున, చీమ తలంత అక్షరాల్లో. తీర్పులో "తెరవగానే పైన" అని ఉందని మళ్ళీ అర్జీ పెట్టాను. పైకి జరిపారు. మొన్న మా వీధి చివర మందుల షాపులో ఒక ముసలాయన ఆ యాప్ తెరిచి, ఆ పై వాక్యాన్ని షాపువాడికి చూపించి, దగ్గర్లో చెవి డాక్టర్ ఎవరున్నారని అడుగుతున్నాడు. నేను దారి చెప్పాను. అంతకన్నా ఏమీ చెప్పలేదు, ఆయన తొందరలో ఉన్నాడు.

క్షమాపణ ఉత్తరం కూడా వచ్చింది. కింద "వినియోగదారుల సేవా విభాగం" అని ముద్ర ఉంది, మనిషి పేరు లేదు. ఎవరు రాశారో అడుగుతూ తిప్పి పంపాను. రెండోది వచ్చింది, ఈసారి అడ్డదిడ్డంగా ఒక సంతకం, పేరు లేదు. దాన్నీ పోస్టాఫీసుకి తీసుకెళ్తుంటే ఇరవై రెండు కూడా వచ్చింది. స్టాంపు అంటించి, కవరు మీద అరచేత్తో గట్టిగా ఒక్కటి చరిచింది.

"ఎన్నిసార్లు పంపుతావే?"

"పేరు రాసేదాకా" అన్నాను.